బొగ్గు తరలిపోయింది.. ఇల్లు మిగిలిపోయింది

* బెల్లంపల్లిలో గోడల కంటే కాగితానికే విలువ
* పట్టా అందినా తీరని బతుకుదెరువు బెంగ
* ధర కాదు.. అద్దె చెబుతోంది అసలు సంగతి

బెల్లంపల్లి: ఈ పట్టణంలో ఇల్లు ఎక్కడని అడిగితే చాలామంది గని పేరుతోనే జవాబు చెబుతారు. నంబర్-2 ఇంక్లైన్ బస్తీ, 65 డీప్ బస్తీ.. ఇలా బొగ్గు బాయిల పేర్లే వీధుల పేర్లయ్యాయి. ఆ గనులు మూతపడి ఏళ్లు గడిచాయి. పేర్లు మాత్రం చెరగలేదు. ఆ గనుల్లో చెమటోడ్చినవారు కట్టుకున్న ఇళ్లు కూడా అక్కడే ఉన్నాయి. లేనిదల్లా ఆ ఇళ్లకు విలువ తెచ్చిపెట్టిన బతుకుదెరువే. జీవితకాలం కష్టించి కట్టుకున్న ఇంటిని అమ్మబోతే అడిగేవారుండరు. ఉంచుకుంటే పిల్లలు వచ్చి ఉండరు. బొగ్గు తవ్వి దేశానికి వెలుగునిచ్చిన పట్టణంలో నేడు విశ్రాంత కార్మికుల కుటుంబాలు ఎదుర్కొంటున్న చిక్కు ఇదే.

ఇరవై కిలోమీటర్ల దూరంలోని మంచిర్యాలలో భూముల ధరలు ఏటికేడు పైకి ఎగబాకుతుంటే, ఒకనాడు ఆ పట్టణాన్నే తలదన్నిన బెల్లంపల్లి ఎందుకు వెనకబడింది? ఇళ్ల పట్టాలు ఇస్తే సమస్య తీరినట్లేనా? ఈ ప్రశ్నలకు జవాబు వెతకాలంటే పట్టణం పుట్టుక నుంచి మొదలుపెట్టక తప్పదు.

బాయి చుట్టూ పుట్టిన ఊరు

గోదావరి లోయలో బొగ్గు జాడను 1870ల ఆరంభంలో విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో కనుగొన్నారు. 1886లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ ఏర్పడింది. 1889లో ఇల్లెందులో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ అవతరించింది. ఆ తర్వాత 1920ల చివర్లో బెల్లంపల్లి, తాండూరు ప్రాంతంలో గనులు తెరుచుకున్నాయి. కాజీపేట-బల్లార్షా రైలు మార్గం పక్కనే ఉండటం ఈ ఊరికి కలిసొచ్చింది. అడవి మధ్య పల్లె కొద్ది దశాబ్దాల్లోనే కార్మిక పట్టణంగా మారిపోయింది.

కంపెనీ ఇచ్చింది ఉద్యోగమొక్కటే కాదు. క్వార్టర్లు కట్టింది. ఆసుపత్రి నడిపింది. నీళ్లిచ్చింది, కరెంటిచ్చింది. తిలక్ మైదానంలో ఆటలు, కాల్‌టెక్స్ ప్రాంతంలో సందడి, జీతాల రోజున బజారులో కిటకిటలాడే జనం.. ఇవన్నీ పాత తరానికి నేటికీ కళ్లకు కట్టినట్లే ఉంటాయి. మూడు షిఫ్టుల సైరన్‌తోనే ఊరు నిద్రలేచేది, సైరన్‌తోనే సద్దుమణిగేది. క్వార్టరు దొరకని కార్మికులు, వారిని ఆధారం చేసుకుని చిన్న వ్యాపారాలు చేసుకునేవారు ఖాళీ జాగాల్లో గుడిసెలు వేసుకున్నారు. క్రమంగా అవి పెంకుటిళ్లయ్యాయి, ఆపై డాబాలయ్యాయి. బాబూక్యాంపు, రడగంబాల బస్తీ, కన్నాల బస్తీ వంటి కాలనీలతో పట్టణం నలువైపులా విస్తరించింది.

అప్పట్లో ఇంటి స్థలానికి కాగితం ఉందా లేదా అని అడిగినవారు అరుదు. నెలనెలా జీతం వస్తున్నంత కాలం ఆ అవసరమే కనిపించలేదు.

తగ్గిన కొలువులు.. తరలిన జనం

1990-91లో సింగరేణిలో సుమారు 1.16 లక్షల మంది ఉద్యోగులు, కార్మికులు ఉండేవారు. ఆ దశాబ్దంలోనే సంస్థ రెండుసార్లు బీఐఎఫ్ఆర్ గడప తొక్కింది. నష్టాల నుంచి గట్టెక్కే క్రమంలో స్వచ్ఛంద పదవీ విరమణ పథకాలు వచ్చాయి. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్‌కాస్టులు, తట్టాచెమ్మస్ స్థానంలో యంత్రాలు వచ్చాయి. బొగ్గు ఉత్పత్తి పెరిగింది, మనుషుల అవసరం తగ్గింది. ప్రస్తుతం సంస్థలో పనిచేస్తున్నవారు సుమారు 40 వేల మంది. అంటే మూడు దశాబ్దాల్లో దాదాపు మూడింట రెండు వంతుల కొలువులు కరిగిపోయాయి.

ఈ దెబ్బ అన్ని ఊళ్లకూ ఒకే తీరున తగల్లేదు. కొత్త గనులు వచ్చిన చోట్ల కొంత ఊరట లభించింది. బొగ్గు అయిపోయిన చోట్ల ఊరే చిక్కిపోయింది. బెల్లంపల్లి పట్టణ పరిసరాల్లోని గనులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. చేరువలోని శాంతిఖని మందమర్రి ఏరియా పరిధిలో ఉంది. కంపెనీ లెక్కల్లో నేటికీ ‘బెల్లంపల్లి ఏరియా’ అనే పేరు ఉన్నా, దాని జనరల్ మేనేజర్ కార్యాలయం ఉన్నది కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా గోలేటి టౌన్‌షిప్‌లో. పేరు ఇక్కడ, కొలువు అక్కడ.

జనాభా లెక్కలు ఇదే కథ చెబుతాయి. 2001లో 66 వేలకు పైగా ఉన్న బెల్లంపల్లి పట్టణ జనాభా 2011 నాటికి సుమారు 56 వేలకు పడిపోయింది. అదే పదేళ్లలో మంచిర్యాల జనాభా 70 వేల నుంచి 87 వేలు దాటింది. రాష్ట్రంలో చాలా పట్టణాలు ఉబ్బిపోతున్న కాలంలో ఒక పట్టణం పది వేల మందిని పోగొట్టుకోవడం మామూలు విషయం కాదు. మనుషులు వెళ్లిపోతారు, ఇళ్లు వెళ్లలేవు. కొనేవారు తగ్గి, అమ్మజూపేవారు పెరిగిన చోట ధర నిలబడదు.

భూమి కంపెనీది.. గోడలు కార్మికుడివి

జనం తగ్గడం ఒక కారణం మాత్రమే. అంతకంటే లోతైన కారణం హక్కు పత్రం. బొగ్గు పట్టణాల్లో చాలా భాగం సింగరేణి ఆధీనంలో ఉన్న భూమిపైనే వెలిసింది. ఆ భూమిపై ఇల్లు కట్టుకున్న కుటుంబానికి గోడల మీద అనుభవం ఉంది గానీ నేల మీద హక్కు లేదు. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, ఓటరు కార్డు ఎన్ని ఉన్నా అవి ఆ ఇంట్లో నివాసం ఉంటున్నారనడానికి రుజువులే తప్ప యాజమాన్యానికి రుజువులు కావు.

అలాంటి ఇళ్లు చేతులు మారేది ఎక్కువగా స్టాంపు కాగితం మీదే. పెద్దమనుషుల సమక్షంలో డబ్బు ఇచ్చిపుచ్చుకోవడం, నోటరీ ముద్ర వేయించుకోవడం, కరెంటు మీటరు పేరు మార్పించుకోవడం.. అంతటితో బేరం ముగుస్తుంది. ఊళ్లో దీనికి నమ్మకమే పూచీ. చట్టం దృష్టిలో మాత్రం ఈ కాగితానికి బలం లేదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం 100 రూపాయలు, ఆపై విలువైన స్థిరాస్తి విక్రయం రిజిస్ట్రేషన్ కావాల్సిందే. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, ఒప్పంద పత్రాల ద్వారా జరిపే అమ్మకాలతో యాజమాన్యం సంక్రమించదని సుప్రీంకోర్టు 2011లో తేల్చిచెప్పింది.

కొన్ని బొగ్గు పట్టణాల్లో దీనికి మరో ముడి తోడైంది. షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనేతరులకు భూ బదలాయింపును నిషేధించే 1/70 చట్టం మందమర్రి, ఇల్లెందు వంటి చోట్ల స్థిరాస్తి లావాదేవీలకు పెద్ద అవరోధంగా నిలిచింది. గిరిజనుల భూమికి రక్షణగా వచ్చిన ఆ చట్టం అవసరాన్ని ఎవరూ కాదనలేరు. కానీ గని కోసం వచ్చి స్థిరపడిన కార్మికుల నివాసాల సంగతి తేల్చకుండా దశాబ్దాలు గడిపేయడంతో ఇరుపక్షాలకూ న్యాయం అందని పరిస్థితి నెలకొంది.

కాగితం ఖరీదు ఎంత?

హక్కు పత్రం లేకపోతే ఇంటి ధర ఎంత పడిపోతుంది? బ్యాంకుల నిబంధనలను బట్టి ఒక లెక్క వేసి చూడవచ్చు. స్పష్టమైన పత్రాలున్న ఒక ఇంటి ధర 10 లక్షల రూపాయలు అనుకుందాం. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షల లోపు గృహరుణాల్లో ఆస్తి విలువలో 90 శాతం వరకు బ్యాంకు అప్పు ఇవ్వవచ్చు. అంటే కొనుగోలుదారు చేతి నుంచి లక్ష రూపాయలు, రాష్ట్రంలో అమలులో ఉన్న 7.5 శాతం రిజిస్ట్రేషన్ ఖర్చుల కింద మరో 75 వేలు పెట్టుకోగలిగితే చాలు. మిగిలిన 9 లక్షలకు 9 శాతం వడ్డీపై 20 ఏళ్ల వాయిదా నెలకు సుమారు 8,100 రూపాయలు అవుతుంది. ఓ చిన్న ఉద్యోగి భరించగలిగిన మొత్తమే ఇది.

అదే ఇంటికి పత్రాలు లేవనుకుందాం. బ్యాంకు ముఖం చూడదు. నూటికి నెలకు 2 రూపాయల వడ్డీకి బయట తెచ్చుకోవాలి. 9 లక్షలు తెస్తే నెలకు వడ్డీయే 18 వేల రూపాయలు. అసలు అలాగే నిలిచి ఉంటుంది. నెలకు 8,100 రూపాయలకు మించి కట్టలేని ఆ చిన్న ఉద్యోగి ఈ వడ్డీ రేటుకు తెచ్చుకోగలిగేది 4 లక్షల పైచిలుకు మాత్రమే. చేతిలోని 1.75 లక్షలు కలిపినా అతను ఇవ్వగలిగే ధర 6 లక్షలు దాటదు. ఇల్లు అదే, ఇటుక అదే, కొనే మనిషీ అతడే. కాగితం లేనందుకు విలువలో 4 లక్షలకు పైగా ఆవిరైపోయింది.

ఇంకో నష్టం కంటికి కనిపించదు. పత్రం లేని ఇంటిని తాకట్టు పెట్టి పిల్లల చదువుకు, కుమార్తె పెళ్లికి, వైద్యానికి బ్యాంకు అప్పు తెచ్చుకునే వీలుండదు. యజమాని కన్నుమూస్తే వారసుల మధ్య పంపకం చిక్కుల్లో పడుతుంది. ఇల్లు ఉండటానికి పనికొస్తుంది గానీ ఆపదలో ఆదుకునే ఆస్తి కాలేకపోతోంది.

పదవీ విరమణ సొమ్ము పోయేదెటు?

కార్మికుడి జీవితంలో పెద్ద మొత్తం ఒకేసారి చేతికందేది పదవీ విరమణ రోజునే. సింగరేణిలో విరమణ వయసును 2021లో 61 ఏళ్లకు పెంచారు. గ్రాట్యుటీ, భవిష్య నిధి సొమ్ముతో పాటే క్వార్టరు ఖాళీ చేయాలన్న తాఖీదూ వస్తుంది. అంటే సొమ్ము చేతికందే వేళకే తలదాచుకునే చోటు వెతుక్కోవాలి. ఆ సొమ్ము ఏ ఊళ్లో ఇటుకగా మారితే ఆ ఊరు పెరుగుతుంది.

బెల్లంపల్లిలో ఇల్లు కొంటే పత్రం గురించి బెంగ. మంచిర్యాలలో కొంటే రిజిస్ట్రేషన్ అవుతుంది, బ్యాంకు రుణం వస్తుంది, రేపు అమ్మబోతే కొనేవారుంటారు. జిల్లా కేంద్రంగా 2016 అక్టోబరులో మారడం, 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభం కావడం మంచిర్యాలకు మరింత ఊపునిచ్చాయి. కొలువులో ఉన్న కార్మికులకు 10 లక్షల రూపాయల వరకు గృహరుణంపై వడ్డీని సింగరేణి భరించే పథకం వచ్చినా, దాన్ని వాడుకోవాలంటే ముందు బ్యాంకు రుణం మంజూరు కావాలి. బ్యాంకు రుణం కావాలంటే స్పష్టమైన పత్రాలుండాలి. కార్మికుల మేలు కోరి తెచ్చిన పథకం సైతం ఆ విధంగా పత్రాలున్న ఊళ్ల వైపే సొమ్మును మళ్లించే కాలువగా మారింది.

బెల్లంపల్లిలో మిగిలిపోయినవారిలో ఎక్కువమంది మరో చోట కొనే స్తోమత లేనివారే. 1998లో వచ్చిన బొగ్గు గనుల పింఛను పథకంలో ధరలకు తగ్గట్టు పింఛను పెరిగే ఏర్పాటు లేదు. ఏళ్ల కిందట దిగిపోయిన కార్మికులు అందుకునే మొత్తం మందుల ఖర్చుకే చాలని స్థితి. అలాంటి కుటుంబానికి ఉన్న ఒకే ఒక్క ఆస్తి ఆ ఇల్లు. దాని ధర పడిపోవడమంటే వృద్ధాప్యానికి ఉన్న ఆసరా కుంగిపోవడమే.

76వ ఉత్తర్వుతో ఊరట.. పూర్తిగా కాదు

సింగరేణి ప్రభుత్వానికి అప్పగించిన భూముల్లో నివాసముంటున్నవారి ఇళ్లను క్రమబద్ధీకరించేందుకు రాష్ట్ర ప్రభుత్వం 2019లో 76వ నంబరు ఉత్తర్వు జారీ చేసింది. బొగ్గు పట్టణాల్లో ఏళ్ల తరబడి సాగిన ఆందోళనల ఫలితమది. ఆ తర్వాతి ఏళ్లలో బెల్లంపల్లిలోనూ పట్టాల పంపిణీ జరిగింది. తాతల కాలం నుంచి ఉంటున్న ఇంటికి తొలిసారి సర్కారు ముద్ర ఉన్న కాగితం చేతికి రావడం ఆ కుటుంబాలకు చిన్న విషయం కాదు. ఎవరో వచ్చి ఖాళీ చేయమంటారన్న భయం తీరింది. అదొక్కటే పెద్ద లాభం.

అయితే ఈ ఉత్తర్వు వెలుగు అన్ని గడపలకూ చేరదు. కంపెనీ ఇంకా అప్పగించని భూమిలో ఉన్న ఇళ్లు దీని పరిధిలోకి రావు. పాత క్వార్టర్లలో ఉంటున్నవారి సంగతి వేరు. గోడలూ కంపెనీవే కావడంతో వారికి ఏ హక్కూ చిక్కదు. స్టాంపు కాగితాల మీద మూడు నాలుగు చేతులు మారిన ఇళ్లకు అసలు అనుభవదారు ఎవరో తేల్చడమే కష్టం. కొలతల్లో తేడా, ఇంటి నంబర్లలో తికమక, ఊళ్లో లేనివారి పేరుతో ఉన్న ఇళ్లు.. ఇలాంటి చిక్కుముడులు కార్యాలయాల చుట్టూ తిరిగే వృద్ధులకే తెలుస్తాయి.

2024 మార్చిలో ప్రారంభమైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో సొంత స్థలం ఉన్న పేదలకు ఇంటి నిర్మాణానికి 5 లక్షల రూపాయల సాయం అందుతుంది. సొంత స్థలం అన్న మాట దగ్గరే బొగ్గు పట్టణాల పేదలకు అడ్డంకి ఎదురవుతుంది. ఒకే వీధిలో పట్టా అందిన ఇంటికి ఒక ధర, అందని ఇంటికి మరో ధర పలికే పరిస్థితికి ఇదీ ఒక కారణం.

కంపెనీ నీళ్లు.. కంపెనీ కరెంటు

ఇంటి విలువలో నాలుగు గోడలతో పాటు నల్లా నీళ్లు, వీధి దీపం, మురుగు కాలువ, ఆసుపత్రి, బడి కలిసి ఉంటాయి. బెల్లంపల్లిలో ఒకప్పుడు వీటిలో చాలా భాగం కంపెనీ ఖర్చుతో నడిచేవి. గనులతో పాటే ఆ సేవలూ సన్నగిల్లాయి. ఆ బరువంతా పురపాలక సంఘం భుజాల మీద పడింది. కంపెనీకి బొగ్గు రాబడి ఉండేది. పురపాలక సంఘానికి ఉన్నది ఇంటి పన్ను. జనాభా తగ్గి, వ్యాపారం మందగించిన ఊళ్లో ఆ పన్ను ఎంత వస్తుంది? పనిచేసే జనం కోసం వేసిన రోడ్లు, కాలువలు, నీటి గొట్టాలు అలాగే ఉన్నాయి. వాటి ఖర్చును మోయాల్సిన మనుషులు తగ్గారు. ఈ భారం మిగిలినవారి మీదనే పడుతుంది. సేవలు తగ్గితే మరికొందరు వెళ్లిపోతారు. వారు వెళ్లిపోతే సేవలు ఇంకా తగ్గుతాయి. పారిశ్రామిక పట్టణాలు దిగజారే తీరు ఎక్కడైనా ఇదే.

కాళ్ల కింద గుల్ల

బొగ్గు పట్టణాల్లో కొనుగోలుదారుడి మదిలో మెదిలే మరో అనుమానం నేల గురించి. భూగర్భ గనిలో ముందు బొగ్గు స్తంభాలను వదిలి తవ్వుతారు, తర్వాత ఆ స్తంభాలనూ తీస్తారు. తీసిన చోట ఇసుక నింపితే పైనేల నిలుస్తుంది. నింపకుండా వదిలేస్తే పైకప్పు కూలి, కొన్నిచోట్ల పైనేల కుంగుతుంది. ఏ వీధి కింద ఏ గని ఎంత మేర విస్తరించింది, ఎక్కడ ఇసుక నింపారు, ఎక్కడ నింపలేదు అన్న వివరాలు గని పటాల్లో ఉంటాయి. అవి సామాన్యుడి చేతికి అందవు. ప్రమాదం లేని వీధి సైతం అనుమానపు నీడలోనే ఉండిపోతుంది. భయానికి ఆధారం లేకున్నా ధర మాత్రం తగ్గుతుంది. ఉన్నచోట ఉన్నట్లు, లేనిచోట లేనట్లు పటం బయటపెడితే నిజంగా జాగ్రత్త పడాల్సినవారు జాగ్రత్త పడతారు, మిగిలినవారు నిశ్చింతగా ఉంటారు.

అద్దె చెప్పే నిజం

పట్టాలు వచ్చాక ఇళ్ల ధరలు పెరిగితే పట్టణం కోలుకున్నట్లేనా? ఇక్కడే జాగ్రత్తగా ఆలోచించాలి. ఇంటి ధరలో రెండు విషయాలు కలిసి ఉంటాయి. ఒకటి కాగితం విలువ, రెండోది ఆ ఊళ్లో ఉండాలన్న కోరిక విలువ. అద్దెకు దిగేవాడు పట్టా అడగడు, లింకు డాక్యుమెంట్లు చూడడు. పని దొరుకుతుందా, పిల్లలకు బడి ఉందా, నీళ్లొస్తాయా అని మాత్రమే చూస్తాడు. అందుకే ఊరి ఆరోగ్యాన్ని తెలిపే నాడి ఇంటి ధర కాదు, ఇంటి అద్దె. పట్టాతో ధర పెరిగి, అద్దె మాత్రం కదలకుండా ఉంటే కాగితం విలువ తిరిగి వచ్చిందే తప్ప ఊరు కోలుకోలేదని అర్థం. అద్దె కదిలిన రోజున, తాళాలు వేసిన ఇళ్ల తలుపులు తెరుచుకున్న రోజున బెల్లంపల్లికి మంచి రోజులు వచ్చాయని చెప్పవచ్చు.

మూతపడిన పరిశ్రమలు కొన్నిచోట్ల మళ్లీ తెరుచుకున్నాయి. 2014 సెప్టెంబరులో ఆగిపోయిన కాగజ్‌నగర్ సిర్పూర్ పేపర్ మిల్లును 2018లో కొత్త యాజమాన్యం చేపట్టింది. 1999లో మూతపడిన రామగుండం ఎరువుల కర్మాగారం స్థానంలో 2021లో కొత్త కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించింది. కర్రను మరోచోటి నుంచి తెచ్చుకోవచ్చు, గ్యాసును గొట్టంలో తెచ్చుకోవచ్చు. తవ్వేసిన బొగ్గు మాత్రం తిరిగి పుట్టదు. అందుకే బెల్లంపల్లి పాత రోజుల కోసం ఎదురుచూడటంలో అర్థం లేదు. కొత్త ఆధారం వెతుక్కోవాల్సిందే.

ఆధారాలు లేకపోలేదు

ఆ ఆధారాలు బొత్తిగా లేని ఊరేమీ కాదిది. రెవెన్యూ డివిజన్ కేంద్రం. ఉత్తర, దక్షిణ భారతాలను కలిపే ప్రధాన రైలు మార్గంపై ఉంది. మంచిర్యాల నుంచి మహారాష్ట్ర సరిహద్దు వైపు సాగే 363వ నంబరు జాతీయ రహదారి నాలుగు వరుసలైంది. ప్రభుత్వ పాలిటెక్నిక్, గురుకుల విద్యాలయాలు, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. చుట్టుపక్కల మండలాల్లో మామిడి తోటలున్నాయి. మంచిర్యాలలో అద్దెలు భరించలేని చిన్న ఉద్యోగులు అరగంట ప్రయాణంతో బెల్లంపల్లిలో తక్కువ ఖర్చుతో ఉండవచ్చు. అయితే రహదారి రెండువైపులా పనిచేస్తుంది. ఊళ్లో మంచి ఆసుపత్రి, మంచి బడి, నిలకడైన నీటి సరఫరా ఉంటే అది మనుషులను తెచ్చిపెడుతుంది. అవి లేకుంటే ఉన్నవారిని, వారి కొనుగోళ్లను మంచిర్యాలకు పట్టుకుపోతుంది.

నిధుల మాటకొస్తే, 2015లో సవరించిన గనుల చట్టం ప్రకారం జిల్లా ఖనిజ నిధి ఏర్పడింది. గని ప్రభావిత ప్రాంతాల్లో తాగునీరు, వైద్యం, విద్య, ఉపాధి నైపుణ్యాలకు దాన్ని ఖర్చు చేయాలి. నేడు బొగ్గు తవ్వుతున్న ఊళ్లకే కాకుండా, తవ్వి వదిలేసిన ఊళ్లకూ అందులో న్యాయమైన వాటా దక్కాలి. గని మూసివేతకు ముందుగానే నిధి కూడబెట్టాలన్న కేంద్ర బొగ్గు శాఖ మార్గదర్శకాలు 2009లో వచ్చాయి. అంతకుముందే గనులు మూతపడిన ఊళ్లకు ఆ నిధి అందలేదు. బెల్లంపల్లి వంటి పట్టణాలు మోస్తున్నది ఆ పాత బాకీయే.

చేయాల్సింది ఇదీ

మొదటిది, సింగరేణి, రెవెన్యూ, పురపాలక శాఖలు కలిసి ఇంటింటి సర్వే పూర్తిచేసి, ఏ భూమి ఎవరి ఆధీనంలో ఉందో తేల్చే ఒకే పటాన్ని ప్రజల ముందు ఉంచాలి. పెండింగు దరఖాస్తులకు అవునో కాదో రాతపూర్వకంగా చెప్పాలి. రెండోది, పట్టా ఇవ్వడంతో చేతులు దులుపుకోకుండా దానిపై బ్యాంకు రుణం అందేలా, వారసుల పేర్లు సులభంగా మారేలా చూడాలి. మూడోది, పాత గనుల విస్తీర్ణం, కుంగుబాటు ముప్పు ఉన్న ప్రాంతాల వివరాలను వార్డుల వారీగా ప్రకటించాలి. నాలుగోది, వాడుకలో లేని కంపెనీ భవనాలు, స్థలాలను విద్యాసంస్థలకు, శిక్షణ కేంద్రాలకు, చిన్న పరిశ్రమలకు కేటాయించాలి. ఇవేవీ కొండను తవ్వే పనులు కావు. ఒక శాఖపై మరొకటి నెపం నెట్టుకోకుండా కూర్చుని తేల్చుకోవాల్సిన పనులు.

ఇక కొనేవారికీ, అమ్మేవారికీ ఒక హెచ్చరిక. పట్టాలు వస్తున్నాయన్న ప్రచారం జరిగినప్పుడల్లా స్టాంపు కాగితాల బేరాలు జోరందుకుంటాయి. పత్రంలో ఎవరి పేరుంది, ఎంత విస్తీర్ణం ఉంది, అమ్ముకునే హక్కుపై షరతులేమైనా ఉన్నాయా అన్నది చూసుకోకుండా జీవితకాలపు పొదుపును అప్పగిస్తే తర్వాత చింతించి ప్రయోజనం ఉండదు. అలాగే పట్టా రాకముందే అవసరానికి అయినకాడికి తెగనమ్ముకునే విశ్రాంత కార్మికులు, రేపు దక్కాల్సిన విలువను వేరొకరి చేతిలో పోసినవారవుతారు.

భూగర్భంలో వెయ్యి మెట్లు దిగి బొగ్గు తీసినవారికి నేల మీద వంద గజాల జాగాపై హక్కు కోసం దశాబ్దాలు ఎదురుచూడాల్సి రావడం విషాదం. ఆ హక్కు కొందరికి దక్కింది, మిగిలినవారికీ దక్కాలి. దాంతో పాటే వారి పిల్లలు తిరిగివచ్చి ఆ ఇంట్లో దీపం పెట్టుకునేలా పని కూడా దక్కాలి. అప్పటి వరకు బెల్లంపల్లిలో ఇంటి ధర ఎంత పలికినా అది కాగితం ఖరీదే అవుతుంది, కాపురం ఖరీదు కాదు.